పాడని నాలుగు ఆఠీన్లు

ప్రాంతీయ బ్రిడ్జ్ సంఘంలో పాత ఆటగాళ్ళని అసలు పేర్లతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ముక్కలు చూస్తూ లోలోపల ఏదో సణుక్కునే లెక్కల టీచరు గొణుగుడు మాస్టారు. మందుల షాపు నడిపే ఇద్దరూ మందుల అన్నదమ్ములు. ఇంట్లో పలకరించుకోకపోయినా ఆదివారం బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని చక్కగా ఆడుకునే ఒక మొగుడూ పెళ్ళాల జంటకి మౌనవ్రతం అని పేరు. ఇక ‘వదినా ఆడపడుచులు’ అంటే ఎవరో ఆ హాల్లో ఎవరినీ అడగనక్కర్లేదు.

“వదినా ఆడపడుచులు ఇన్నేళ్ళుగా ఒకే పక్షాన ఉన్నారంటే అది మన సంఘం గొప్పే,” అని ఆటలు నడిపి తగవులు తీర్చే డైరెక్టర్ గారు ప్రతి సీజన్ మొదట్లో ఒకసారి అంటారు. ఆయన కోర్టులో గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషి. జోకు కూడా తీర్పు చదివినట్టే చదువుతారు. అందరూ ఏటా మొదటిసారి విన్నట్టే నవ్వుతారు.

ఆ జంటలో ఆడపడుచు పళ్ళసెట్లు కడుతుంది. ఊళ్ళో పళ్ళ డాక్టర్లు నోటి అచ్చులు తీసి డబ్బాల్లో పెట్టి పంపిస్తారు. ఆమె వాటిలో ప్లాస్టర్ పోసి, దవడ బొమ్మ తీసి, దాని మీద మైనం గోడ కట్టి, ఒక్కొక్క పన్నూ నిలబెట్టుకుంటూ వస్తుంది. పై వరుసా కింది వరుసా కలిసే తీరు సరిగా కుదిరేదాకా అరగదియ్యడం, పెట్టి చూడడం, మళ్ళీ అరగదియ్యడం. ఆ గది నిండా తెల్లటి ధూళి. కిటికీ గూట్లో ఎవరెవరివో దవడలు ఆరుతూ ఉంటాయి. ఇన్నేళ్ళలో ఆ పళ్ళు పెట్టుకున్న మనుషుల్ని ఆమె చూసింది తక్కువే. ఎవరు కుడివైపే నములుతారో, ఎవరు నిద్రలో పళ్ళు కొరుకుతారో మాత్రం చూడకుండానే చెప్పేస్తుంది.

చిన్నప్పుడే పెళ్ళయింది, తొందరగానే విడిపోయింది. అన్నగారింటికి తిరిగొచ్చాక ఏమైందమ్మా అని అడిగిన ప్రతివాళ్ళకీ “కుదర్లేదు” అని ఒక్క మాటతో సరిపెట్టేది. పళ్ళపని నేర్చుకున్నాక ఆ జవాబుకి ఇంకాస్త జోడించింది. “పై పన్నూ కింది పన్నూ కలవకపోతే ఎంత అరగదీసినా కలవవు. ఊరికే పన్ను అరిగిపోతుంది, అంతే.”

ఆ తిరిగొచ్చిన కొత్తలో ఆమె ఎవరితోనూ మాట్లాడేది కాదు. వంటింటి వెనక గదిలో కిటికీ వైపు తిరిగి కూర్చుంటే కూర్చున్నట్టే. అన్నగారు గుమ్మం దాకా వచ్చి, గొంతు సవరించుకుని, ఏం అనాలో తోచక వెనక్కి వెళ్ళిపోయేవాడు. వదినకి అలాంటి మొహమాటాలు లేవు. ఆవిడ తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. బజార్లో ఆవిడ కనిపిస్తే దుకాణాల్లో త్రాసులు వాటంతటవే సర్దుకుంటాయని చెప్పుకునేవాళ్ళు. అరిగిన రాయి పట్టుకుంటే కొట్టువాడు ఎంత బతిమాలినా సరే, రాయి సంచీలో పడాల్సిందే. ఆ ఇన్‌స్పెక్టరమ్మ ఒక సాయంత్రం గదిలోకొచ్చి లైటు వేసింది.

“లే. నాలుగో మనిషి రాలేదు. నువ్వు కూర్చోవాలి.”

“నాకు పేకాట రాదు వదినా.”

“పేకాట కాదు, బ్రిడ్జ్. రాదని నాకూ తెలుసు. ముక్కలు పట్టుకుని కూర్చో చాలు. వాళ్ళిద్దరూ టీ తాగేసి నా మొహం చూస్తున్నారు.”

అలా కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదనే చెప్పాలి.

బ్రిడ్జ్‌లో నలుగురుంటారు. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. ముక్కలు వెయ్యడానికి ముందు వేలంపాట ఉంటుంది. ఏ రంగు తురుపు అవ్వాలో, ఎన్ని పట్లు గెలుస్తామో పాడాలి. నలుగురూ వేసిన నాలుగు ముక్కలూ కలిపి ఒక పట్టు. పాట అంటే నోటితో కాదు. బల్ల మూల ఒక డబ్బాలో రాసిపెట్టిన అట్టలుంటాయి. కావలసిన అట్ట తీసి ముందు పెట్టాలి, పాడేది లేకపోతే ఆకుపచ్చ అట్ట పెట్టాలి. ఎంత ఎక్కువ పాడి నెగ్గితే అంత మార్కులు. పాడి నెగ్గలేకపోతే కొన్ని మార్కులు అవతలివాళ్ళకి. ఒక బల్ల మీద పంచిన ముక్కలనే మిగతా బల్లలన్నిటికీ తిప్పుతారు కాబట్టి, నాకు మంచి ముక్కలు పడలేదని ఏడవడానికి కూడా లేదు.

వదిన నేర్పిన మొదటి పాఠం ముక్కల గురించి కాదు. “నా మొహం చూడకు,” అంది.

ఆడపడుచు బిత్తరపోయింది. ఏం తప్పు చేశానా అనుకుంది.

“నేను ఏ అట్ట పెడితే అదే నీకు నేను చెప్పిన మాట. ఎలా పెట్టాను, విసిరానా, నసిగానా, ఎంతసేపు ఆలోచించాను, అవేవీ నీవి కావు. కంటపడినా పడనట్టే ఉండాలి. నేను ఆగానని నువ్వు ముందుకెళ్ళావంటే అది దొంగ తూకం. అర్థమైందా?”

“అర్థమైంది.”

“ఏమర్థమైంది?”

“మీ మొహం చూడకూడదని.”

“అదీ.”

ఇద్దరికీ వయసు మీద పడింది. ఆడపడుచు రెండు వీధుల అవతల ఒక వాటా తీసుకుని, ముందు గదిలో పళ్ళపని పెట్టుకుంది. వదిన రిటైరైంది. ఆదివారాలు మాత్రం మారలేదు. సీజన్‌లో వారం విడిచి వారం ఒక్కో ఊళ్ళో ఆట. ఒకచోట స్కూలు హాలు, ఒకచోట బ్యాంకు మేడమీది గది, ఒకచోట మూతపడిన సినిమాహాలు క్యాంటీను. అన్నగారే కారు తోలుకుంటూ తీసుకెళ్తాడు. ఆయనకి ఆట ముక్క కూడా రాదు. ఇన్నేళ్ళుగా తీసుకెళ్తున్నా, “ఇంతకీ మీరిద్దరూ ఒకవైపా, ఎదురెదురా?” అని ఇప్పటికీ అడుగుతాడు. “ఎదురెదురుగా కూర్చుని ఒకవైపు,” అని వదిన చెబుతుంది. “అదెలాగే?” అంటాడు. “సంసారం లాగ,” అంటుంది ఆవిడ. ఆయన సీటు వెనక్కి వాల్చి, మొహం మీద న్యూస్‌పేపర్ కప్పుకుని పడుకుంటాడు.

వారమంతా ఎవరివో నోళ్ళు ముందేసుకుని గడిపే మనిషికి, ఎదురుగా ఒక నిండు మనిషి కూర్చునే రోజు ఆదివారం ఒక్కటే. ఆ సంగతి ఆడపడుచు ఎప్పుడూ పైకి అనలేదు. అనేంత అవసరమూ రాలేదు, ఈ సీజన్ మొదలయ్యేదాకా.

సీజన్ ముగిసేసరికి మొదటి రెండు స్థానాల్లో ఉన్న జంటలే దేశం మొత్తం మీద జరిగే పెద్ద పోటీకి వెళ్తాయి. వదినా ఆడపడుచులు ఎప్పుడూ మూడో స్థానమో నాలుగో స్థానమో. ఈసారి మొదటి ఆదివారం కారు ఎక్కుతూనే వదిన తేల్చేసింది.

“ఈసారి మొదటి రెండింట్లో లేకపోతే నేను ఇక ముక్క ముట్టుకోను.”

“ఎందుకలా అంటారు?”

“మూడోది అంటే ఏమిటమ్మాయ్? పెళ్ళికి ముస్తాబై, గుమ్మం దాకా వెళ్ళి, చెప్పులేసుకుని వెనక్కి రావడం. ఎన్నిసార్లు రావాలి?”

“మానేస్తే మరి ఆదివారాలు కారు కడుక్కోవచ్చు,” అన్నాడు అన్నగారు ఉత్సాహంగా. వదిన మాటంటే మాటే. పచ్చళ్ళు మానేస్తానంటే మానేసింది. పక్కింటావిడతో మాట్లాడనంటే, ఆవిడ ఇల్లమ్ముకుని వెళ్ళిపోయేదాకా మాట్లాడలేదు. ఆడపడుచు సీజన్‌లో ఎన్ని ఆదివారాలున్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది.

అయితే ఆ ఏడు ఆట కలిసొచ్చింది. గొణుగుడు మాస్టారికి కళ్ళ ఆపరేషన్ అయి సగం సీజన్ రాలేకపోయారు. మౌనవ్రతం జంట దేనికో రాజీపడి ఇంట్లో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు, దాంతో వాళ్ళ ఆట పాడైపోయింది. చివరి ఆదివారానికి వదినా ఆడపడుచులు రెండో స్థానంలో ఉన్నారు. వెంట్రుకవాసి వెనకాల మందుల అన్నదమ్ములు.

చివరి ఆట బస్సు డిపో మేడమీది మీటింగు హాల్లో. కింద బస్సు బయల్దేరినప్పుడల్లా బల్లలు సన్నగా వణికేవి, గ్లాసుల్లో టీ గుండ్రాలు తిరిగేది. సాయంత్రం దాకా అటూ ఇటూగా నడిచింది. ఆఖరి బల్ల దగ్గరికొచ్చేసరికి ఎదురైనవాళ్ళు ఎవరో కాదు, మందుల అన్నదమ్ములే. పెద్దాయన దగ్గుబిళ్ళ చప్పరిస్తూ నమస్కారం పెట్టాడు. “ఈసారన్నా మీరు పైకి వెళ్ళాలమ్మా,” అన్నాడు తమ్ముడు. “మీరు అడ్డు తప్పుకుంటే వెళ్తాం నాయనా,” అంది వదిన.

ఆఖరి పంపకం. ఆడపడుచు చేతిలో ఆఠీన్లు బాగా పడ్డాయి. రాజూ రాణీ పక్కపక్కనే ఉన్నారు. ఆమె ఒక ఆఠీను పాడింది. పెద్దాయన ఒక ఇస్పేటు అన్నాడు. వదిన రెండు ఆఠీన్ల అట్ట పెట్టింది, అంటే నాకూ ఆ రంగు ఉందని. తమ్ముడు రెండు ఇస్పేట్లు. ఆమె మూడు ఆఠీన్లు. పెద్దాయన దగ్గుబిళ్ళ ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి మార్చి మూడు ఇస్పేట్లు పెట్టాడు.

ఇప్పుడు వదిన వంతు. నాలుగు ఆఠీన్లు పాడి నెగ్గితే మార్కుల పంట. వదిలేస్తే ఇస్పేట్లలో వాళ్ళు ఆడుకుంటారు, వచ్చేది చిల్లర.

వదిన చెయ్యి డబ్బా మీదికి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది.

ఆడపడుచు తన ముక్కల్లోకి చూస్తూ కూర్చుంది. మొహం చూడలేదు. కానీ ఆ చెయ్యి చూపు అంచున ఉంది. వదిన చూపుడువేలు అట్టల అంచుల మీద మెల్లిగా కదిలింది, ముందుకి, వెనక్కి, మళ్ళీ ముందుకి. కింద ఒక బస్సు బయల్దేరింది. బల్ల వణికి, ఆ వణుకూ సర్దుకుంది. అప్పటికీ ఆ వేలు అక్కడే ఉంది. పక్కబల్ల వాళ్ళు తలలెత్తి చూశారు. పెద్దాయన బిళ్ళ చప్పరించడం ఆపేశాడు.

చివరికి వదిన ఆకుపచ్చ అట్ట తీసి పెట్టింది. పాడేది లేదని.

తమ్ముడు కూడా ఆకుపచ్చ అట్టే పెట్టాడు. వంతు ఆడపడుచుకి వచ్చింది.

ఆమె తన పదమూడు ముక్కలూ మళ్ళీ మొదట్నుంచి చూసుకుంది. ఆ చేత్తో నాలుగు పాడొచ్చు. పాడకపోవచ్చు. నిజంగా అటో ఇటో తేలని చెయ్యి. తేలనిది ఆ చెయ్యొక్కటే. మిగతాదంతా తేలిపోయింది. వదిన దగ్గర బలం ఉంది. లేనివాళ్ళు అంతసేపు ఆగరు, లేదని తెలిసిన మరుక్షణం ఆకుపచ్చ అట్ట పడేస్తారు. పాడితే నెగ్గుతాం. నెగ్గితే పెద్ద పోటీకి వెళ్తాం. వెళ్తే వదిన ఆట మానదు. పాడినా పట్టుకునేవాళ్ళు లేరు, ఈ చేత్తో ఎవరైనా పాడొచ్చు అంటే డైరెక్టర్ గారు కూడా తలూపుతారు.

ఆమె చెయ్యి డబ్బా మీదికి వెళ్ళింది. నాలుగు ఆఠీన్ల అట్ట అంచు వేలికి తగిలింది.

ఆ వేలిని పక్కకి జరిపి, ఆకుపచ్చ అట్ట తీసి పెట్టింది.

మందుల అన్నదమ్ములు ఆడారు. ఒక పట్టు తక్కువై ఓడారు. ఆ ఓటమికి ఆడవాళ్ళకి దక్కింది చిల్లర మార్కులే. కాసేపటికి డైరెక్టర్ గారు ఫలితాలు గోడకి అంటించారు. ఆ ఆఖరి పంపకంలో మిగతా బల్లలవాళ్ళు దాదాపు అందరూ నాలుగు ఆఠీన్లు పాడి నెగ్గారు. వదినా ఆడపడుచులది మూడో స్థానం.

వదిన కాగితం ముందు కొంచెంసేపు నిలబడింది. పెద్దాయన దగ్గరికొచ్చి ఏదో అనబోతే, “అభినందనలు,” అని నేరుగా మెట్లు దిగిపోయింది.

కారు ఊరు దాటింది. అన్నగారు అద్దంలో ఒకరి తర్వాత ఒకరిని చూసి, “ఏమిటీ, గెలిచారా లేదా? మొహాలు చూస్తే ఏం తెలియట్లేదు,” అన్నాడు.

“మీ చెల్లెల్ని అడగండి,” అంది వదిన. ఆ మాటతో కట్ట తెగింది. “ఏమ్మా, ఆ చేత్తో ఆగిపోతావా? రాజుందా? ఉంది. రాణి ఉందా? ఉంది. మూడు పాడిన దానివి ఇంకొక్కటి పాడలేకపోయావా? ముక్కలు పట్టుకోవడం నిన్న నేర్చుకున్నావా? ఆ గొణుగుడు మాస్టారు ఒక కంటికి గంతలు కట్టుకుని పాడాడు నాలుగు. నువ్వేమో రెండు కళ్ళూ పెట్టుకుని...”

“అటో ఇటో తేలని చెయ్యి వదినా.”

“తేలకపోతే పాడాలి. ఆఖరి ఆట. ఏం పోతుందని?”

“మీరే పాడి ఉండొచ్చుగా.”

“నేనా? నా దగ్గర సరిగ్గా సరిపోయేంత లేదు. అందుకేగా అంతసేపు...”

వదిన మాట అక్కడ ఆగిపోయింది.

ఆడపడుచు కిటికీలోంచి బయటికి చూస్తూ, మెల్లిగా అంది. “ఆగారు కదా వదినా. మీరు ఆగాక నేనెలా పాడతాను?”

అన్నగారు గేరు మార్చాడు. ఎవరో గొంతు నులిమినట్టు కారు కీచుమంది. ఆడపడుచుని ఆమె గుమ్మం ముందు దింపినప్పుడు వదిన తల తిప్పకుండానే అంది. “వచ్చే సీజన్‌కి నువ్వు ఇంకో పార్ట్‌నర్‌ని చూసుకో.”

అన్నమాట నిలబెట్టుకుంటోంది అనుకుంది ఆడపడుచు. అనుకున్నదే జరిగింది కాబట్టి ఏడుపు రాలేదు. మర్నాడు పనిలో కూర్చుంటే మాత్రం ఒక కింది దవడకి ముందు పళ్ళు తారుమారు చేసి పెట్టింది. ఎంతసేపు చూసినా ఎక్కడ తేడా వచ్చిందో కనిపెట్టలేక మైనమంతా కరిగించేసింది.

వారాలు గడిచాయి. వదిన రాలేదు, ఫోను చెయ్యలేదు. ఒకరోజు అన్నగారు పళ్ళగదికి వచ్చాడు. స్టూలు మీద ధూళి దులిపి, ఎవరివో దవడలకి దూరంగా జరిగి కూర్చున్నాడు.

“మీ వదినకి ఏమైందే?”

“ఏమైంది?”

“అదే నేనడుగుతున్నా. తిట్టట్లేదు. మొన్న పాలు పొంగబెట్టాను, ఏమనలేదు. నిన్న కావాలని మళ్ళీ పొంగబెట్టాను. అయినా ఏమనలేదు. నాకు భయమేస్తోంది.”

ఆడపడుచుకి నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

“మీరిద్దరూ పోట్లాడుకున్నారా?”

“లేదన్నయ్యా.”

“పోట్లాడుకోండే. ఆ కారులో ఏదో సగంలో ఆపేశారు. వచ్చి మిగతా సగం పోట్లాడు. టీ నేను పెడతా.”

“పాలు పొంగకుండా?”

“అది హామీ ఇవ్వలేను.”

ఆమె చేతులు కడుక్కుని, ఏప్రన్ విప్పి, ఆయన వెంటే వెళ్ళింది.

వదిన భోజనాల బల్ల దగ్గర కూర్చుని, ఏమీ చెయ్యకుండా ఉంది. ఆవిడ ఏమీ చెయ్యకుండా కూర్చోవడం ఆ ఇంట్లో ఎవరూ చూసి ఎరగరు. ఆడపడుచుని చూసి కుర్చీ వైపు గడ్డం ఊపింది. అన్నగారు వంటింట్లోకి వెళ్ళి, అవసరం లేకపోయినా గిన్నెలు చప్పుడు చేశాడు.

“అన్నమాట ప్రకారం మానేశాననుకుంటున్నావా?” అంది వదిన.

“మీరు అన్నదే కదా.”

“అది కాదు. అది కోపంలో అన్నది. పచ్చళ్ళు కూడా మీ అన్నయ్య లేనప్పుడు తింటూనే ఉన్నా.” ఆవిడ బల్ల మీద లేని ధూళి తుడిచింది. “నీ ఎదురుగా కూర్చోలేను. అదీ సంగతి.”

“నేనేం చేశాను?”

“నువ్వేం చెయ్యలేదు. అదేగా.” తన చూపుడువేలి కేసి చూసుకుంది. “నేను ఆ రోజు ఆలోచిస్తూ ఆగానా, నీకు తెలియాలని ఆగానా? అప్పట్నుంచీ ఇదే పని. పొద్దున లేస్తే ఆలోచిస్తూ ఆగాననిపిస్తుంది. మధ్యాహ్నానికి కాదేమోననిపిస్తుంది. ఆ వేలు అంతసేపు అక్కడెందుకుందో నాకే తెలియట్లేదు. నా సర్వీసులో ఎంతమంది కొట్టువాళ్ళు ‘తెలియక జరిగిందమ్మా’ అన్నారో. ఒక్కణ్ణి నమ్మితే ఒట్టు. అందరి రాళ్ళూ సంచీలో వేసుకుని చక్కా వచ్చాను. ఇప్పుడు నా రాయి తూచడానికి త్రాసు లేదు.”

వంటింట్లో చప్పుడు ఆగింది. అన్నగారు వింటున్నాడని ఇద్దరికీ తెలుసు.

మీరు అలాంటివాళ్ళు కారు వదినా అనడం తేలిక. కానీ ఆవిడ అలాంటి మాట తూకం వేసి చూసి పక్కన పడేస్తుంది. పైగా ఆ బల్ల దగ్గర ఆ వేలు కదలడం చూసినప్పుడు, వదిన తనతో మాట్లాడుతోందని ఆమెకి కూడా అనిపించింది. అది అబద్ధమని ఎలా అంటుంది?

“నాకూ తెలియదు,” అంది చివరికి. “మీరు ఎందుకు ఆగారో నాకూ తెలియదు. నాకు తెలిసింది ఒకటే. నేను అట్ట మీద వేలు పెట్టాను.”

వదిన తలెత్తింది. “ఏ అట్ట?”

“నాలుగు ఆఠీన్లు. అంచు తగిలింది కూడా. ఇంకాస్తయితే లాగేదాన్ని. మీరు మానేస్తారని భయం. ఆదివారాలు ఎలా గడుస్తాయని భయం. అప్పుడు నా చెయ్యి ఏ మంచి పని మీదుందో చెప్పండి.”

“మరి ఎందుకు లాగలేదు?”

“లాగితే వెళ్ళేవాళ్ళం. అక్కడ మీరు ఆగిన ప్రతిసారీ, ఇప్పుడు నాకేదో చెప్తున్నారేమో అని వెతుక్కోవాలి. నేను ఆగితే మీరు వెతుక్కోవాలి. అంతకంటే మానేసిన వదినే నయం. కనీసం ఇంటికొస్తే కాఫీ అయినా ఇస్తుందనుకున్నా.”

“కాఫీ ఇవ్వలేదుగా.”

“ఇవ్వలేదు. మీరు అదీ మానేశారు.”

వదిన మొహంలో ఏదో కదిలింది. నవ్వో, ఏడుపో, ఆవిడ తేల్చుకునేలోపు అన్నగారు టీ గ్లాసులతో వచ్చాడు. “పొంగింది,” అన్నాడు. “మిగిలింది ఇంతే.”

“ఒక్క పని సరిగా చెయ్యలేరు కదా మీరు,” అంది వదిన. చాలా రోజుల తర్వాత తిట్టు తిన్న మనిషి హాయిగా కూర్చున్నాడు.

ఆ సాయంత్రమే వదిన పేక కట్ట తీసింది. అప్పటికప్పుడు ఏదీ చక్కబడిపోలేదు. ఆవిడకి ఇప్పుడు ఆగాలంటే భయం పట్టుకుంది. ఆలోచించకుండా చటుక్కున అట్ట పెట్టేసేది. చేతిలో ఏమీ లేకపోయినా నాలుగు ఇస్పేట్లు అనేసేది. ఆ పాట నెగ్గడానికి ఆడపడుచు నానా తంటాలూ పడి చేతులెత్తేసేది. అన్నగారు మూడో చెయ్యీ నాలుగో చెయ్యీ ఆయనే పట్టుకుని, ముక్కల బొమ్మలు బావున్నాయంటూ కూర్చునేవాడు.

“ఇదేం ఆట వదినా? ఇంతకంటే గుడ్డివాళ్ళు నయం.”

“నువ్వేగా అన్నావు ఆగానని.”

“ఆగొద్దని నేనన్నానా? ఆగండి. కావలసినంతసేపు ఆగండి. ఆగాక మీరే ఏదో ఒకటి పాడండి. నా మీదికి తొయ్యకండి.”

వదిన ముక్కలు బోర్లా పెట్టి ఆమెకేసి చూసింది. “నోరు బాగా లేచిందే నీకు.”

“మీరు నేర్పిన ఆటే.”

“నేను నోరు నేర్పలేదు.”

“నోళ్ళతో పని నాది వదినా. రోజూ చేసేది అదే.”

అన్నగారు పగలబడి నవ్వాడు, ఆయన చేతిలో ముక్కలు రెండు వైపులవీ కలిసిపోయాయి. మళ్ళీ పంచాల్సొచ్చింది.

కొత్త సీజన్ మొదటి ఆదివారం స్కూలు హాల్లో జరిగింది. డైరెక్టర్ గారు తన జోకు చదివారు, అందరూ నవ్వారు. గొణుగుడు మాస్టారు కొత్త కళ్ళతో ముక్కలు చూసుకుని, పాత గొణుగుడే గొణిగారు. వదినా ఆడపడుచులు కిటికీ పక్క బల్లకి వెళ్ళారు. అక్కడ మౌనవ్రతం జంట కూర్చుని ఉంది. వాళ్ళు మళ్ళీ మాటలు మానేశారో ఏమో, ఆట మెరుగ్గా ఉంది.

మూడో పంపకంలో పాట పైపైకి వెళ్ళింది. వంతు వదినకి వచ్చింది. చెయ్యి డబ్బా మీద ఆగింది. వేలు అట్టల అంచుల మీద ముందుకీ వెనక్కీ నడిచింది. ఆడపడుచు తన ముక్కల్లోకి చూస్తూ కూర్చుంది. మౌనవ్రతం మొగుడు కుర్చీలో కదిలాడు. ఆగడం ఇంకా అవ్వలేదు. హాల్లో ఎవరో దగ్గారు.

వదిన నాలుగు కళావర్ల అట్ట లాగి, చప్పుడయ్యేలా బల్ల మీద పెట్టింది.

పాట అక్కడితో ఆగింది. ఆడాక ఒక పట్టు తక్కువైంది. బాగా ఆడినా తక్కువే అయ్యేది. ఆకుపచ్చ అట్ట పెట్టి ఉంటే చిన్న లాభంతో బయటపడేవాళ్ళు.

ఫలితం చీటీ మీద నష్టాన్ని వదినే రాసింది. కళ్ళజోడు సర్దుకుని, అంకె సరిగా పడిందో లేదో ఒకసారి చూసుకుంది.

“పాడింది నేనే. పోయింది నాదే,” అంది. “ఊఁ, తర్వాతది తియ్యి.”

ఆడపడుచు తర్వాతి పంపకం తీసి, ముక్కలు విసనకర్రలా విప్పుకుంది.